ఆఫీసు ఉత్తరం: రాయడం ఒక పని, దిద్దడం ఇంకో పని

ముందు ఈ వాక్యం ఒకసారి చదవండి.

"అభ్యర్ధులు తమ దరఖాస్తులను నిర్ణీత పద్దతిలో, కార్యాలయ పని వేలల్లో, 15-06-2026 శుక్రవారం లోపు అందజేయాలి."

ఇందులో నాలుగు తప్పులున్నాయి. "అభ్యర్థులు"లో థకారం ఉండాలి. "పద్ధతి"లో దకు ధ ఒత్తు రావాలి. సమయం అనే అర్థంలో "వేళలు" రాయాలి. "వేలు" అంటే వెయ్యికి బహువచనం, లేదా చేతి వేలు. నాలుగో తప్పు కాగితం ఎంత చూసినా దొరకదు, క్యాలెండర్ తీయాలి: 2026 జూన్ 15 సోమవారం. మొదటి చదువులోనే నాలుగూ పట్టుకున్నవాళ్లు తక్కువ. దానికి కారణం తెలుగు రాకపోవడం కాదు. మనం చదివేటప్పుడు కన్ను అక్షరాల మీద ఆగదు, అర్థం అందగానే ముందుకు పరుగెడుతుంది. మనమే రాసినదైతే అర్థం ముందే తెలుసు కాబట్టి ఆ పరుగు ఇంకా ఎక్కువ. తప్పులు దిద్దడం నేర్చుకోవడమంటే కన్నును కావాలని ఆపే పద్ధతులు నేర్చుకోవడమే. వాటిలో మొదటిది: రాసేటప్పుడు దిద్దకండి, దిద్దేటప్పుడు కొత్తగా రాయకండి.

రాయడానికి ముందు

కీబోర్డు మీద చెయ్యి పెట్టకముందు ఒక చిత్తు కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది. ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే ఉత్తరం రాసే సమయం ఇంకా రాలేదన్నమాట. ఫోన్ చేసో, ఫైలు చూసో ముందు ఆ జవాబులు తెచ్చుకోండి. ఆఫీసుల్లో తిరిగే అస్పష్టమైన ఉత్తరాల్లో చాలావాటికి మూలం భాష రాకపోవడం కాదు, రాసినవారికి ఏం కావాలో తేలకపోవడం.

తరువాత ఆధారాలన్నీ పక్కన పెట్టుకోండి. ఆర్డరు కాపీ, బిల్లు, అవతలివాళ్ల పాత ఉత్తరం, వాటి నంబర్లు, తేదీలు. ఒక్క అంకెను కూడా జ్ఞాపకం మీద ఆధారపడి వేయవద్దు.

క్రియను ముందుకు లాగడం

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మాట్లాడేటప్పుడు ఇది ఇబ్బంది కాదు. కానీ ఉత్తరంలో వాక్యం నలభై మాటలు సాగితే, ఏం అడుగుతున్నారో తెలియడానికి చదివేవారు నలభయ్యో మాట దాకా ఆగాలి. కింది ఉత్తరం అలాంటిదే.

"పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, మా సంస్థ తరఫున ఇవ్వబడిన ఆర్డరు మేరకు తమచే సరఫరా చేయబడిన కుర్చీలలో కొన్ని తక్కువగా అందినందునను, బిల్లు మాత్రము పూర్తి మొత్తమునకు పంపబడినందునను, ఈ విషయమై తగు చర్యలు తీసుకొనవలసినదిగా కోరడమైనది."

ఎన్ని కుర్చీలు తగ్గాయి? ఏ ఆర్డరు? తగు చర్య అంటే ఏమిటి? ఎప్పటికి? ఒక్కదానికీ జవాబు లేదు. దీన్ని అందుకున్న సరఫరాదారు చేయగలిగింది ఒక్కటే, ఫోన్ చేసి అడగడం. అదే ఉత్తరాన్ని ఇలా రాయవచ్చు.

"విషయం: 4 కుర్చీల కొరత, బిల్లు సవరణ – ఆర్డరు నం. 118, తేదీ 04-05-2026

ఆర్యా,

ఆర్డరు నం. 118లో మాకు ఇంకా రావలసిన 4 కుర్చీలను 12-06-2026, శుక్రవారం సాయంత్రం 5 గంటల కల్లా మా ఆఫీసుకు పంపండి. పంపడం కుదరకపోతే, అదే గడువులోగా 36 కుర్చీలకు మాత్రమే సవరించిన బిల్లు పంపండి.

మేము అడిగినవి 40 కుర్చీలు, ఒక్కొక్కటి రూ. 2,350. మే 21న అందినవి 36. మీ బిల్లు మాత్రం 40 కుర్చీలకు, 18 శాతం జీఎస్టీతో కలిపి రూ. 1,10,920 అని ఉంది. 36 కుర్చీలకైతే జీఎస్టీతో కలిపి రూ. 99,828 అవుతుంది.

కుర్చీలు గానీ సవరించిన బిల్లు గానీ అందిన 7 రోజుల్లో చెల్లిస్తాం.

భవదీయుడు"

అడిగే పని మొదటి వాక్యంలోనే ఉంది, కారణాలు తరువాత వచ్చాయి. "ఇవ్వబడిన, చేయబడిన, పంపబడిన" అన్నవి పోయాయి. ఈ "బడు" ప్రయోగం తెలుగుకు సహజం కాదు. పైగా ఎవరు చేశారన్నది దాచేస్తుంది. "పొరపాటు జరిగినది" అని రాస్తే ఎవరి పొరపాటో తెలియదు, "మా లెక్కలో పొరపాటు జరిగింది" అంటే తెలుస్తుంది. చిత్తుప్రతిలో "బడి", "బడిన", "అయినది", "కలదు" అన్న చోట్లన్నీ గీత గీసుకుని, ఒక్కొక్కచోటా కర్తను వెతికి పెట్టండి.

ఒక వాక్యానికి పదిహేను, ఇరవై మాటలు హద్దుగా పెట్టుకుంటే చాలు. అది దాటుతుంటే "కావున, అందువలన, మరియు" అన్న చోట విరిచి రెండు వాక్యాలు చేయండి.

గడువు విషయంలో తెలుగు మాటలు చాలా గొడవ తెస్తాయి. "15వ తేదీ లోపు" అంటే 15 కూడా కలుస్తుందా? ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు. "వచ్చే శుక్రవారం" అంటే ఈ వారమా, పై వారమా? "పక్షం రోజుల్లో" అంటే ఏ రోజు నుంచి లెక్క? వీటన్నిటికీ మందు ఒకటే, తేదీ, వారం, గంట మూడూ రాయడం. వారం పేరు రాయడంలో ఇంకో లాభం ఉంది. తేదీలో అంకె తప్పు పడితే వారంతో పొసగదు కాబట్టి అక్కడే దొరికిపోతుంది. అమెరికా క్లయింటుకు రాసేటప్పుడు 05-06-2026 అని అంకెల్లో వేయకండి, వాళ్లు దాన్ని మే 6 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్ష, కోటి అనే లెక్కా వాళ్లకు అలవాటు ఉండదు. 10 లక్షలను 1 మిలియన్ అని, కామాలను కూడా వాళ్ల పద్ధతిలో వేసి పంపండి.

మర్యాద మాటల్లో జారిపోయే చోట్లు

పై అధికారికి "మనవి చేస్తున్నాను", "కోరుతున్నాను". సమాన హోదా ఉన్న ఆఫీసుకు, సరఫరాదారుకు "కోరుతున్నాం", "పంపండి". కింది సిబ్బందికి పంపే సర్క్యులర్‌లో "చేయాలి", "అందజేయాలి". ఈ మూడు మెట్లు ఒకే ఉత్తరంలో కలిస్తే చదివేవారికి వెంటనే గుచ్చుకుంటుంది. "పంపగలరు" అన్నది ఆఫీసుల్లో మర్యాదగానే వాడతారు, తప్పేమీ లేదు. కానీ అది పంపమని అడగడమా, పంపే అవకాశం ఉందని చెప్పడమా అన్న సందేహానికి చోటిస్తుంది. డబ్బు, గడువు ఉన్న చోట "పంపండి" అనో "పంపవలసిందిగా కోరుతున్నాం" అనో రాయడమే మేలు.

"మేము", "మనం" తేడా చాలామంది పట్టించుకోరు. "మేము"లో చదివేవారు లేరు, "మనం"లో ఉన్నారు. సరఫరాదారుకు "మన బకాయి" అని రాస్తే ఆ బాకీలో ఆయనకూ వాటా ఉన్నట్టే. సిబ్బందికి పంపే సర్క్యులర్‌లో "మా సంస్థ" అంటే వాళ్లను బయటివాళ్లను చేసినట్టే, అక్కడ "మన సంస్థ" ఉండాలి. ఉత్తరం "నేను"తో మొదలైతే చివరిదాకా "నేను"తోనే నడవాలి. మధ్యలో "మేము"గా మారితే మాట ఇస్తున్నది మనిషా, సంస్థా అన్నది తేలదు.

ఇంకొకటి: సంతకం కింద మీ పేరుకు మీరే "శ్రీ", "గారు" తగిలించుకోకూడదు.

దిద్దడం: ఒక్కో చదువుకు ఒక్కో పని

ఉత్తరం పూర్తయ్యాక కనీసం అరగంట పక్కన పెట్టండి. టెండరు, ఒప్పందం లాంటివైతే ఒక రాత్రి గడవనివ్వండి. తరువాత కాగితం మీద ప్రింటు తీయండి. తెర మీదే దిద్దక తప్పకపోతే ఫాంటు మార్చి, సైజు 12 నుంచి 16కు పెంచండి. రూపం మారితే కన్ను దాన్ని కొత్త కాగితంలా చూస్తుంది. తెలుగుకు సైజు పెంచడం మరీ అవసరం. చిన్న అక్షరాల్లో ద, ధ, థ ఒకేలా కనిపిస్తాయి. ధకు కింద చిన్న గీత ఉంటుంది, థకు ఆ గీతతో పాటు మధ్యలో చుక్క ఉంటుంది. "వు, పు" కూడా అంతే.

అన్ని తప్పులనూ ఒకే చదువులో వెతకకండి. అంకెలు చూస్తున్న కన్నుకు ఒత్తులు కనిపించవు.

మొదటి చదువు అంకెలకు, తేదీలకు, పేర్లకు మాత్రమే. వాక్యాలు చదవనే వద్దు. ఒక్కో అంకె మీద పెన్సిల్ పెట్టి, అసలు కాగితంలోని అంకెతో పోల్చి, టిక్కు పెట్టండి. కూడికలు, గుణకారాలు క్యాలిక్యులేటర్‌తో మళ్లీ వేయండి. పై ఉత్తరంలోనైతే 40ని 2,350తో గుణిస్తే 94,000, దాని మీద 18 శాతం 16,920, మొత్తం 1,10,920. అంకెల్లో రాసిన మొత్తం, అక్షరాల్లో రాసిన మొత్తం ఒకటేనా చూడండి. చెక్కు మీద ఈ రెండూ తేడాగా ఉంటే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అక్షరాల్లో ఉన్నదే లెక్క. కాబట్టి "తొంభై తొమ్మిది వేల" బదులు "తొమ్మిది వేల" పడితే అది చిన్న అచ్చుతప్పుగా మిగలదు. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మూడేసి అంకెలుగా విడగొట్టి పోల్చండి. పేర్లను అవతలివారు స్వయంగా రాసుకున్న తీరులోనే రాయండి. ఆయన ఇంటిపేరు చివర దీర్ఘం పెట్టుకుంటే మీరూ పెట్టాల్సిందే.

రెండో చదువు అక్షరాలకు. చివరి పంక్తి నుంచి మొదటి పంక్తికి రండి. వెనక నుంచి వస్తే అర్థం అల్లుకోదు కాబట్టి కన్ను ప్రతి మాట దగ్గరా ఆగుతుంది. పంక్తి కింద స్కేలు పెట్టి, కింది పంక్తులను కప్పేయండి. ఆఫీసు కాగితాల్లో తరచుగా తప్పేవి గుంపులుగా గుర్తుపెట్టుకోవచ్చు. "ర్థ" గుంపు: విద్యార్థి, అభ్యర్థి, అభ్యర్థన, ప్రార్థన. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం, అందుకే అర్ధ సంవత్సర నివేదికలో ధకారం. "ద్ధ" గుంపు: పద్ధతి, సిద్ధం, అభివృద్ధి, క్రమబద్ధం. కానీ "ఉద్దేశం"లో రెండూ దకారాలే. "స్థ" గుంపు: సంస్థ, వ్యవస్థ, స్థలం, స్థాయి. "స్త" గుంపు: ప్రస్తుతం, విస్తరణ, దస్తావేజు. శ, ష, స దగ్గర "పరిశీలన, పరిష్కారం, సవరణ" మూడూ రోజూ వచ్చే మాటలే, ఒకటి సరిగా రాస్తే మిగతావి దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

స్పెల్ చెక్ మీద భారం వేయకండి. "వివరణ కోరుతున్నాం" బదులు "వితరణ కోరుతున్నాం" అని పడితే అది ఊరుకుంటుంది. వితరణ అంటే దానం, అదీ నిఘంటువులో ఉన్న మాటే. "పరిహారం" బదులు "ప్రహారం" పడినా అంతే, అప్పుడు నష్టపోయినవారికి దెబ్బ ఇస్తామని రాసినట్టవుతుంది. సందేహం వచ్చిన మాటను ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన చేసి చూడండి. ఊహించి దిద్దితే ఒప్పు కూడా తప్పవుతుంది.

మూడో చదువు గుర్తులకు, ఖాళీలకు. ఇక్కడ తెలుగు టైపింగుకే ప్రత్యేకమైన కొన్ని జబ్బులున్నాయి. "విషయం:" అని రాయాల్సిన చోట విసర్గ పెట్టి "విషయంః" అని కొట్టడం. సున్నకు బదులు అంకె సున్నా కొట్టి "స0స్థ" అని రాయడం. చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ తరువాత ఫైల్లో "సంస్థ" అని వెతికితే ఆ ఉత్తరం దొరకదు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో టకారం కింద వకారం ఒత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. దీన్ని ఆపడానికి రెంటి మధ్య కనిపించని విడదీత గుర్తు ఉండాలి. వర్డ్‌లో ఆ చోట 200సి అని ఇంగ్లిష్‌లో కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది పడుతుంది. మాట మధ్య ఖాళీ పడి "అంద జేయాలి" అయిందా, పంక్తి చివర "కార్యాల" ఒకచోట, "యం" ఇంకోచోట విరిగాయా చూడండి.

"అను" అనే పాతరకం (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లలో కొట్టిన ఉత్తరాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఈ చదువును రెండుసార్లు చేయండి. మార్పిడిలో ఒత్తుల దగ్గర, కొటేషన్ గుర్తుల దగ్గర, బ్రాకెట్ల దగ్గర తేడాలు వస్తుంటాయి. అను ఫాంట్లలో ఉన్న పాఠాన్ని మార్చకుండా నేరుగా ఈమెయిల్‌లో అతికిస్తే అవతలివారికి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మార్చే వీలు లేకపోతే పీడీఎఫ్‌గా పంపండి.

చివరి చదువు గొంతెత్తి. ఇద్దరుంటే ఒకరు అసలు ప్రతిని "ఫుల్‌స్టాప్, కామా, కొత్త పేరా" అంటూ గుర్తులతో సహా చదవాలి, రెండోవారు ప్రింటు మీద చూస్తూ దిద్దాలి. అచ్చాఫీసుల్లో పాతకాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. దీన్ని మించినది లేదనే చెప్పాలి. ఒక్కరే ఉంటే మీకు మీరే పైకి చదువుకోండి. ఎక్కడ ఊపిరి చాలదో అక్కడ వాక్యం పొడవైందని, ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మాట తప్పిందనో, మాటల వరస కుదరలేదనో గుర్తు.

కొత్తలో ఒక పేజీ ఉత్తరానికి ఈ నాలుగు చదువులూ కలిపి ఇరవై నిమిషాలు కేటాయించండి. ఏకబిగిన గంటకు మించి దిద్దకండి, ఆ తరువాత కన్ను మళ్లీ పరుగు మొదలుపెడుతుంది.

కాగితం మీద గుర్తులు

వేరేవారు రాసినది దిద్దేటప్పుడు తప్పు దగ్గర ఒక గుర్తు, అదే పంక్తికి ఎదురుగా మార్జిన్‌లో సరైన రూపం, రెండూ ఉండాలి. పంక్తిలో మాత్రమే దిద్దితే టైపు చేసేవారికి కనిపించదు. వదిలిపోయిన అక్షరం చేర్చడానికి హంసపాదు (^) పెట్టండి. తాళపత్రాల కాలం నుంచి వస్తున్న గుర్తు, ఇప్పటికీ అందరికీ తెలుసు. తీసేయాల్సిన దాని మీద అడ్డగీత గీసి, మార్జిన్‌లో చిన్న సుడి చుట్టండి. తారుమారైన రెండు మాటలను పాములాంటి వంకర గీతతో ఒకటి పైన, ఒకటి కింద చుట్టాలి. పొరపాటున కొట్టేసిన ఒప్పును ఉంచమని చెప్పడానికి దాని కింద చుక్కలు పెట్టండి. ఎర్ర సిరా వాడండి, నల్ల అచ్చులో నీలం కలిసిపోతుంది. మీరు దిద్దిన కాగితం తిరిగి టైపై వచ్చాక, ప్రతి గుర్తూ అమలైందా అని పాత ప్రతితో పోల్చాలి. ఒక తప్పు దిద్దబోయి పక్క మాటను చెరపడం రోజూ జరిగేదే.

వర్డ్‌లోనైతే కంట్రోల్, షిఫ్ట్, ఇంగ్లిష్ E కలిపి నొక్కితే ట్రాక్ ఛేంజెస్ మొదలవుతుంది, ఏది ఎవరు మార్చారో రంగుల్లో కనిపిస్తుంది. బయటికి పంపే ముందు మార్పులన్నీ ఒప్పుకుని, పక్కన రాసుకున్న వ్యాఖ్యలు తీసేసి, పీడీఎఫ్ చేయండి. లేకపోతే "ఈ రేటు ఎక్కువే, ఇంకా తగ్గిస్తారు" అని మీలో మీరు రాసుకున్న మాట అవతలివారే చదువుతారు. ఈమెయిల్‌లో జత కాగితం ముందు పెట్టి, తెరిచి చూసి, చిరునామా అన్నిటికంటే చివర వేయండి.

అలవాటు కావడానికి

రెండు కాగితాలు టేబుల్ దగ్గర ఉండాలి. ఒకటి ఆఫీసు రాత నియమాలు: "వెళ్లు"నా "వెళ్ళు"నా, "తేది"నా "తేదీ"నా, "కింది"నా "క్రింది"నా, శాఖల పేర్లు ఎలా, రూపాయల తరువాత గీత పెట్టాలా వద్దా. ఇలాంటి జంటల్లో చాలావాటికి రెండు రూపాలూ వాడుకలో ఉన్నవే. ఒకే ఉత్తరంలో రెండూ కలవకూడదు, అంతే. ఒక్క పేజీ మించకుండా రాసి, అందరి చేతా ఒప్పించండి.

రెండోది మీ సొంత తప్పుల పుస్తకం. దిద్దిన ప్రతిసారీ దొరికిన తప్పు, ఒప్పు, తేదీ రాయండి. నెల తిరిగేసరికి మీ చేతి నుంచి పదే పదే జారేవి ఏ పదో పదిహేనో మాటలేనని కనిపిస్తుంది. ఇక ప్రతి ఉత్తరంలో ముందు వాటిని కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతకండి. అభ్యాసానికి రోజూ ఫైల్లోని పాత ఉత్తరం ఒకటి తీసుకోండి. అందులో అడిగిన పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసి, ఆ వాక్యమే మొదట వచ్చేలా ఉత్తరాన్ని సగం పొడవుకు తిరగరాయండి.

ఇంత చేసినా ఒక్కోసారి తప్పు బయటికి వెళ్తుంది. అప్పుడు చడీచప్పుడు లేకుండా కొత్త ప్రతి పంపకండి, అవతలి ఫైల్లో రెండు ప్రతులు చేరి ఏది నిజమో తెలియకుండా పోతుంది. "సవరణ" అని విషయంలో రాసి, పాత ఉత్తరం నంబరు, తేదీ చెప్పి, ఉన్నదీ ఉండవలసినదీ పక్కపక్కన రాయండి: "రెండో పేరాలో రూ. 99,282 అని ఉంది. అది రూ. 99,828 అని ఉండాలి. మిగతా ఉత్తరంలో మార్పు లేదు." ఆ చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే చదివేవారు ఉత్తరమంతా మళ్లీ పోల్చుకోవాల్సి వస్తుంది. సవరణ ప్రతి ఒకటి మీ ఫైల్లో పాత ఉత్తరానికే పిన్ను చేసి పెట్టండి.